షార్ట్‌వేవ్ ఇంగ్లీషు

మా తెనాలి బడిలో ఇంగ్లీషు మాస్టారు వాచకం చదివితే చివరి బెంచీకి కూడా ఒక్క అక్షరం జారిపోయేది కాదు. ‘కింగ్’కి ఎంత గొంతో ‘టు’కీ, ‘ద’కీ, ‘ఆఫ్’కీ అంతే. ఆ చెవులతో బాబాయి మర్ఫీ రేడియో ముందు కూచుంటే అంతా అయోమయం. బీబీసీ వాళ్ళు సగం మాటలు మింగేసేవారు.

1971 ఆగస్టు 24, వినాయక చవితి. ఓవల్ టెస్టు ఆఖరి రోజు. ముందురోజే చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీసి ఇంగ్లండును 101కి చుట్టేశాడు. మనకు కావలసింది 173. పూజ, ఉండ్రాళ్ళు అయ్యాయి. అక్కడి పొద్దున మనకు సాయంత్రం కాబట్టి వీధి కుర్రాళ్ళంతా మా అరుగు మీదే. ‘‘చంద్రుణ్ణి చూడకండర్రా, నీలాపనిందలు’’ అని నాయనమ్మ లోపల్నించి ఒకటే కేక. ఆకాశం చూసే తీరికెవరికి? చూపులన్నీ రేడియో ముల్లు మీదే.

గొంతు వచ్చేది, పోయేది. గరగరలోంచి కొన్ని ముక్కలే బయటపడేవి: ఒక పేరు, ‘కట్’, ‘బౌండరీ’, ‘అవుట్’. విచిత్రమేమంటే ఆట తెలియడానికి అవే సరిపోయేవి.

‘‘మధ్యలో ఏం గొణుగుతున్నాడు బాబాయ్?’’

‘‘గొణుగుడు కాదురా. ‘హీ కట్స్ ఇట్ టు ద బౌండరీ’ అన్నాడనుకో, బరువంతా ‘కట్స్’ మీదా, ‘బౌ’ మీదా. మిగతావి ఆ సందులో ఇరుక్కుని పోవాల్సిందే.’’

అరుగు మీద వేలితో కొట్టి చూపించాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎన్ని చిన్న మాటలున్నా కుదించేసి, తర్వాతి దెబ్బను వేళకు అందుకోవాలి. అమెరికా భాషావేత్త కెన్నెత్ పైక్ 1945లోనే ఈ సంగతి రాశాడని కాలేజీలో చదివాను. తర్వాత కొలిచి చూసినవాళ్ళు ఆ ఎడాలు అంత సమానమేమీ కావన్నారు. కొలతల మాటేమో గానీ, చెవికి మాత్రం బాబాయి చెప్పిందే నిజం. మనకేమో ‘కాలం’లో దీర్ఘం కుదిస్తే ‘కలం’ అయి కూచుంటుంది. ఏ అచ్చునూ మింగకుండా పెరిగిన మాస్టారు ఇంగ్లీషులో మాత్రం ఎలా మింగుతారు?

ఆ రోజు ఆఖరికి హైదరాబాదు ఆబిద్ అలీ బంతిని కట్ చేసి ఫోర్ కొట్టాడు. ఇంగ్లండు గడ్డ మీద మనకు తొలి టెస్టు గెలుపు. వ్యాఖ్యాత ఏమన్నాడో మాలో ఒక్కడికీ వినబడలేదు, అంత గోల.

ఆ ఊపులో బాబాయికి నాకు పాఠాలు చెప్పే సరదా పట్టుకుంది. ‘‘మనం ‘నేనే ఇచ్చాను’, ‘నీకే ఇచ్చాను’ అని ఏకారం తగిలిస్తాం. వాళ్ళు మాటల్ని కదపరు. ‘ఐ గేవ్ యూ ద కీ’లో ‘ఐ’ మీద గొంతు పెంచితే ఒక అర్థం, ‘యూ’ మీద పెంచితే ఇంకొకటి.’’ మాస్టారి పద్ధతిలో ఈ కిటుకు కుదరదు, అన్నీ బరువే గనక. ఓసారి బీరువా తాళంచెవి కనబడక, ‘యూ’ మీద గట్టిగా బరువేసి ఆ వాక్యం పిన్ని మీదే ప్రయోగించాడు.

‘‘నాకెప్పుడిచ్చారు? మీ జేబులోనే ఉంది, మీరే చూసుకోండి’’ అంది పిన్ని.