మండువా లోగిలిలో మూడో తుపాకీ

రావులపాలెంలో జాతీయ రహదారిని వదిలి కొత్తపేట దారి పట్టామంటే చాలు... ఎండ కూడా ఆకుపచ్చగానే పడుతుంది. ఓ పక్క కాలువ, మరో పక్క కొబ్బరితోట, మధ్యలో అరటిగెలలు కట్టుకొచ్చే సైకిళ్లు. కోనసీమ గురించి రాయమంటే ఆత్రేయపురం పూతరేకులతో మొదలుపెట్టి అంతర్వేది సముద్రం దగ్గర ఆపేయడం మా పత్రికలవాళ్లకి అలవాటే. ఈసారి మేం వెళ్లింది వాటి కోసం కాదు. ఒక రివాల్వర్ కోసం!

కంగారు పడకండి, కొనడానికి కాదు. రాజోలుకి అవతల ఓ పల్లెలో డెబ్భై రెండేళ్ల పెద్దాయన కొన్ని నెలలుగా ఒకటే ఆలోచనలో ఉన్నారు. చనిపోయిన తమ్ముడి రివాల్వర్‌ని తన తుపాకుల పక్కన చేర్చుకోవాలా, వద్దా అని. పేరు రాయొద్దన్నారు. ఇంట్లో తుపాకులున్న సంగతి ఊరంతటికీ తెలిసినా పేపర్లో పడడం వేరు కదా.

అంబాజీపేటలో ఆగాం. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు తినకుండా ఆ ఊరు దాటడం మా ఫొటోగ్రాఫర్ దృష్టిలో నేరం. తిని పి.గన్నవరం చేరితే, కింద వైనతేయ, పైన కాలువ. కాటన్ హయాంలో, 1850లలో కట్టిన పాత అక్విడక్టు పక్కనే ఉంటుంది. నదిని దాటించి రాజోలు లంకలకి నీళ్లిచ్చింది అదే. ‘అపర అన్నపూర్ణ’ డొక్కా సీతమ్మగారి ఊరు కూడా ఇక్కడే. వేళకాని వేళ వచ్చినవాడికి కూడా అన్నం పెట్టిన సీమలో తుపాకీ ఎందుకో, ఎవరికో... అనుకుంటూ రాజోలు చేరాం.

“ఆయ్... రండి రండి, ముందు మజ్జిగ తాగండి” అంటూ పెద్దాయనే ఎదురొచ్చారు. నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం కనిపించే మండువా లోగిలి. లోపలి గదిలో ఇనప బీరువా. తాళం ఆయన మొలతాడుకే ఉంది. తీసి చూపించారు కానీ చేతికి మాత్రం ఇవ్వలేదు. “లైసెన్సు నా పేరున ఉందమ్మా. మీరు ముట్టుకోకూడదు, నేను ఇవ్వకూడదు.”

మొదటిది తాతగారి డబుల్ బ్యారెల్. కళ్లాల దగ్గర రాత్రి కాపలాకి, చలికాలంలో చేలల్లో వాలే పరజల వేటకి కొన్నారట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ వేట సరదా పలచబడి, 1991 సవరణతో పూర్తిగా పోయింది. రెండోది పాయింట్ ముప్పై రెండు పిస్తోలు. ఇది ఈయన సొంతం. 1993లో, రొయ్యల చెరువులు డాలర్లు కురిపిస్తున్న రోజుల్లో, రాత్రిళ్లు డబ్బు సంచీతో రావాల్సి వచ్చి తీసుకున్నారు. మర్నాటి ఏడాదే తెల్లమచ్చ జబ్బు చెరువుల్ని ఊడ్చేసింది. సంచీ పోయింది, పిస్తోలు మిగిలింది!

“ఎప్పుడైనా పేల్చారా?”

“కొన్నరోజు డీలరు దగ్గర, పరీక్షకి. అంతే.”

పేల్చకపోయినా చాకిరీ తప్పదు. ఉప్పుగాలికి ఇనుము ఊరుకోదు. నెలకోసారి విప్పి, తుడిచి, పల్చటి మిషను నూనె పట్టించాలి. ఇంట్లో పీపాలకొద్దీ ఉన్న కొబ్బరినూనె పనికిరాదట, జిగురు కడుతుంది. కోనసీమలో కొబ్బరినూనె పనికిరాని చోటు ఒకటుందని అక్కడే తెలిసింది.

ఇక తమ్ముడిది. ఇంగ్లండులో తయారైన వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్. మధ్యలోకి మడిస్తే పగిలిన కాయలా తెరుచుకుని, కాలిన తూటాల గుల్లలు వాటంతటవే బయటికొస్తాయి. తిరిగే చక్రంలో ఆరు గదులు. పిస్తోలులో తూటా పేలకపోతే పైభాగాన్ని వెనక్కి లాగి దాన్ని బయటపడేయాలి. రివాల్వర్‌లో మీట మళ్లీ నొక్కితే చాలు, పక్క గది ముందుకొస్తుంది. అందుకే పాతకాలం వాళ్లకి దానిమీద గురి. అయితే పాత రివాల్వర్లు కిందపడితే పేలే ప్రమాదం ఉందని, సుత్తి కింద గదిని ఖాళీగా వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఇంకో తిరకాసు... రెండూ ‘పాయింట్ ముప్పై రెండే’ అయినా దీని తూటా పిస్తోలుకి, దాని తూటా దీనికి పట్టదు.

విలువ కూడా తక్కువేం కాదు. 1980ల మధ్యలో సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయింది. అప్పట్నుంచీ దేశంలో ఉన్న పాత ఇంగ్లిషు సరుకే చేతులు మారుతోంది. కాన్పూరు ప్రభుత్వ కర్మాగారం మన దగ్గరే పాయింట్ ముప్పై రెండు రివాల్వర్లు చేస్తుంది. 2014లో ఆడవాళ్ల కోసమంటూ అరకిలో బరువుతో ‘నిర్భీక్’ తెచ్చింది. అప్పట్లో దాని ధర లక్షా ఇరవై వేల పైమాటే. అయినా వెబ్లీ అంటే మోజున్నవాళ్లకి వెబ్లీయే.

అంత మంచి వస్తువు ఊరికే వస్తుంటే ఆలోచన దేనికి? లెక్క దగ్గర. 1959 ఆయుధాల చట్టంలో ఒక మనిషికి ఇన్నే తుపాకులని పరిమితి లేదు. 1983లో మూడన్నారు. 2019 డిసెంబరులో చట్టాన్ని మళ్లీ సవరించారు. మొదట ఒకటే అని బిల్లు పెట్టి, వారసత్వపు తుపాకులున్న కుటుంబాలు గోల పెడితే రెండు దగ్గర ఆపారు. మూడోది ఏడాదిలోపు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. వారసత్వంగా వచ్చినా లెక్క రెండే. క్రీడాకారులకి వేరే నిబంధనలున్నాయి కానీ, సరదాకి పోగేసుకునేవాళ్లకి లేవు. పెద్దాయన దగ్గర అప్పట్లో ఓ పాయింట్ ఇరవై రెండు రైఫిల్ కూడా ఉండేది. 2020లో డీలరుకి ఇచ్చేశారు. “రసీదు చేతిలో పెట్టుకుని బస్సెక్కితే, బిడ్డని హాస్టల్లో దింపి వస్తున్నట్టు అనిపించింది” అన్నారు. ఇప్పుడు తమ్ముడిది కావాలంటే తాతదో, తనదో వదలాలి.

ఒక దారి ఉంది. లైసెన్సుదారుకి డెబ్భై నిండినా, ఆయుధం ఇరవై అయిదేళ్లు దగ్గరున్నా, వారసుల్లో ఒకరి పేరు సూచించి వాళ్లకి మార్పించమని అడగొచ్చు. 2016 నిబంధనల్లో ఉంది. తాతగారి తుపాకీ హైదరాబాదులో ఉన్న కొడుక్కి ఇచ్చేస్తే సరి! కొడుకు సరేనన్నాడు. కోడలు ఒప్పుకోలేదు. “అపార్ట్‌మెంట్లో ఏడేళ్ల పిల్లాణ్ని పెట్టుకుని తుపాకీనా మావయ్యగారూ?” అందట. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

వంటింట్లోంచి ఆయన భార్య మాట కలిపారు. “ఎలక్షన్లొచ్చినప్పుడల్లా ఈ రెండిటినీ స్టేషన్‌కి మోసుకెళ్లి రావడానికే మోకాళ్లు పట్టేశాయంటారు. ఒకటి మార్చి ఇంకోటి తెచ్చుకుంటే మోకాళ్లు మారతాయాండీ?”

ఆయన నవ్వలేదు. 2024 ఎన్నికలకి అన్నదమ్ములిద్దరూ ఒకేరోజు అప్పగించారట, ఈయన ఇక్కడ, తమ్ముడు అమలాపురంలో. జూన్ 4న లెక్కింపు అయ్యాక తిరిగి తెచ్చుకుని, ఫోన్లో ‘వచ్చేసిందా?’ ‘వచ్చేసింది’ అనుకున్నారు. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే తమ్ముడు పోయారు.

తాటిపాక, పాశర్లపూడి మీదుగా అమలాపురం వెళ్లాం. 2022 ఏప్రిల్లో జిల్లా వచ్చాక తుపాకీ లైసెన్సు కాగితాలకి కాకినాడ వెళ్లక్కర్లేదు, కలెక్టరాఫీసు ఇక్కడే. తమ్ముడి ఇల్లు ఓ సందులో ఉంది. గోడకి దసరా ఫొటోలు. అమలాపురం దసరా అంటే చెడీ తాలింఖానా కదా... వాహనాల ముందు కర్రలు, కత్తులు, బళ్లేలు తిప్పుతూ కుర్రాళ్లు, ముసలాళ్లు వీధులు ఊపేస్తారు. నూటయాభై ఏళ్లు దాటిన ఆట అది. ఫొటోలో నుదుటికి గుడ్డ కట్టి కర్ర తిప్పుతున్నది ఆయనే.

“రివాల్వర్ చట్టప్రకారం అప్పుడే స్టేషన్లో ఇచ్చేశానండి. పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు. బావగారైతే జాగ్రత్తగా చూస్తారని అడిగాను” అన్నారామె.

2022 మే 24 సంగతి అడిగాను. జిల్లా పేరు మార్పు గొడవలో ఊరు భగ్గుమన్న రోజు. మంత్రి ఇంటికీ, ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. ఆ సాయంత్రం ఆయన రివాల్వర్ బయటికి తీశారా?

“తీయలేదండి. బీరువా తాళంచెవి నా చేతికిచ్చి కందిపప్పు డబ్బాలో పడెయ్యమన్నారు. ‘దగ్గరుంటే చూపించాలనిపిస్తుంది. చూపించాక ఊరుకోలేం’ అన్నారు. తలుపులేసుకుని టీవీ ముందు కూర్చున్నాం.”

ముప్పై ఏళ్లు ఇష్టంగా తుడుచుకున్న మనిషి, అవసరం వచ్చిందనుకునే ఒకే ఒక్క రోజున తాళంచెవిని పప్పులో దాచాడు. తిరుగు ప్రయాణంలో కారులో ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు. నన్నడిగితే వద్దనే అంటాను. కానీ నన్నెవరూ అడగలేదు, అడిగినా తమ్ముణ్ని పోగొట్టుకున్నది నేను కాదు.

రెండు వారాల తర్వాత పెద్దాయనే ఫోన్ చేశారు. పప్పుడబ్బా సంగతి మరదలు ఆయనకీ చెప్పిందట. అన్నేళ్లలో తమ్ముడు ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదని కాసేపు ఆగారు. రివాల్వర్ తనకొద్దని రాసిచ్చేశారు. పిల్లల సంతకాలు రాగానే లైసెన్సున్న డీలరుకి అమ్మేస్తారు.

“ఊరికే రాలేదులెండి. వాడి తాలింఖానా కర్ర తెచ్చుకున్నా. బీరువా పక్కన నిలబెట్టా” అన్నారు.

వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది. “దాన్ని ఎలక్షన్లకి స్టేషన్లో ఇవ్వక్కర్లేదు కదా, కనుక్కోండి.”