ఒక్క లైను

మా మనవలకు మోడెం కూత తెలియదు. మనలో చాలామందికి అది ఇంకా చెవుల్లోనే ఉంది గదా! టెలిఫోను తీగ మనిషి గొంతు కోసం వేసింది. సుమారు 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ధ్వనికే అందులో దారి. కంప్యూటరు అంకెలకు గొంతు లేదు కనుక మోడెం వాటిని కూతలుగా మార్చి ఆ ఇరుకు సందులోంచి పంపేది. అవతలి మోడెం వాటిని మళ్ళీ అంకెలు చేసేది. మొదట వినిపించే కీచులాటంతా ఎంత వేగంతో మాట్లాడుకోవాలో రెండు యంత్రాలూ తేల్చుకోవడమే. పెళ్ళి సంబంధం కుదుర్చుకునే పెద్దలు నయం, కాస్త నెమ్మదిగా అరుస్తారు.

1997లో మాది 28.8 కిలోబిట్ల మోడెం. ఒక మెగాబైటు ఫోటో దిగేలోపు కాఫీ కలుపుకుని తాగేయవచ్చు. దానికేం గాని, ఇంటికి ఉన్నది ఒక్కటే లైను. 'కాల్ వెయిటింగ్' బీప్ వస్తే కనెక్షను తెగుతుందని, మా వాడు ముందుగా నక్షత్రం గుర్తు, 70 నొక్కి దాన్ని ఆపేసేవాడు. అందరూ చేసే పనే.

ఆ ఫిబ్రవరి రాత్రి తొమ్మిదింటికి వాడు స్కూలు ప్రాజెక్టుకని కూర్చున్నాడు. గుంటూరులో అప్పుడు మర్నాటి ఉదయం ఏడున్నర. మంచాన ఉన్న నాన్నగారు నాతో మాట్లాడాలన్నారట. అన్నయ్య ఎన్నిసార్లు చేసినా ఎంగేజ్. చివరికి కింది ఫ్లాటులోని మిత్రుడి నంబరు వెతికి పట్టుకున్నాడు. ఆయన చెప్పులైనా లేకుండా మెట్లెక్కి వచ్చేసరికి పదకొండు. నేను ఫోను చేసేటప్పటికి నాన్నగారికి మాట పడిపోయింది. "వినబడుతోందిరా, నువ్వు మాట్లాడు" అని అన్నయ్య రిసీవరు ఆయన చెవి దగ్గర పెట్టాడు. మాట్లాడాను.

మా వాణ్ణి ఎవరం ఏమీ అనలేదు. వారం తిరక్కుండా వాడు ఇంటింటికీ పేపర్లు వేసి దాచుకున్న డబ్బు తెచ్చి, రెండో లైనుకని వాళ్ళమ్మ చేతిలో పెట్టాడు.

1998 జనవరి మంచు తుఫానులో మాకు రోజుల తరబడి కరెంటు లేదు. మోడెం మూగబోయినా ఫోను మోగుతూనే ఉంది. దానికి కావలసిన 48 వోల్టులు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి ఆ తీగమీదే వస్తాయి. తరవాత డి.ఎస్.ఎల్. వచ్చింది. అదే రాగి తీగ, గొంతు కింది స్థాయిలో, అంకెలు దానికి చాలా పైన. రెండూ కలవకుండా ఫోనుకు చిన్న ఫిల్టరు. రెండో లైను తీసేయించాం.

ఇప్పుడు మా వాడి ఇంట్లో రాగి తీగే లేదు, అంతా ఫైబరు. జేబులో ఫోను మాత్రం రాత్రిపూట ఆపడు, గొంతు తగ్గించడు. కోడలు విసుక్కుంటుంది.