కప్పు మీద కురిసే నీళ్లు

అనంతపురంలో ఎక్కిన బస్సు రాప్తాడు దాటాక కిటికీ బయట ఎర్రమట్టే. ఫిబ్రవరి చివరి వారం. వేరుశనగ పీకేసిన చేలు బోసిగా ఉన్నాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. ఆ సగటు కూడా అందని ఏళ్లు ఎన్నో. కియా కార్ల ఫ్యాక్టరీ, పెనుకొండ కోట వెనక్కి పోయాయి. సోమందేపల్లిలో దిగి ఆటో ఎక్కాను. అరగంటకు మల్బరీ తోటల మధ్య తెల్లగా మెరుస్తున్న పాలీహౌసు కనబడింది.

పాతిక సెంట్లు. 2,500 కీరా మొక్కలు. గింజ లేని రకం కాబట్టి తేనెటీగలతో పనిలేదు. ఒక్కో తీగ దారం పట్టుకుని నిలువునా పైకి పాకింది. కింద నేల లేదు, కొబ్బరి పొట్టు నింపిన సంచులున్నాయి.

"మొదట్లో నేలలోనే పెట్టినాం సార్. మూడో పంటకు వేర్లంతా బుడిపెలు" అన్నాడు రైతు. నులిపురుగుల దెబ్బ అది. మార్చకుండా ఒకే కప్పు కింద ఒకే పంట వేస్తే వచ్చే తంటా. అప్పుడు సంచులకు మారాడు. ఖర్చు తగ్గుతుందని మొక్కకు ఐదు లీటర్ల సంచి పెట్టాడు. కాపు మీదున్న కీరా ఎండ రోజున రెండు మూడు లీటర్లు తాగుతుంది. అంత చిన్న సంచిలో వేరుకు అందే నీరు పూట గడవడానికే చాలదు. మధ్యాహ్నం కరెంటు పోతే గంటలో ఆకులు వేలాడేవి, పిందెలు వంకర తిరిగేవి. ఇప్పుడు మొక్కకు పన్నెండు లీటర్ల సంచి. మోటారు రెండు మూడు గంటలు ఆగినా తీగ తట్టుకుంటోంది.

మూలన రెండు డ్రమ్ములున్నాయి. ఒకదానిలో కాల్షియం నైట్రేట్, రెండోదానిలో మిగతా ఎరువులు. రెండూ ఒకే డ్రమ్ములో చిక్కగా కలిపితే తెల్లటి మడ్డి అడుగున పేరుకుని డ్రిప్పు రంధ్రాలు మూసుకుపోతాయి. నాటిన కొత్తలో వేరు కోసం 12:61:0 (నత్రజని, భాస్వరం, పొటాష్ పాళ్లు), తీగ సాగేటప్పుడు 19:19:19, కాయ దిగాక పొటాష్ ఎక్కువున్న 13:0:45. ఒకేసారి గుప్పించడం లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడెనిమిది తడులు, ప్రతి తడిలో కొద్దికొద్దిగా మందు.

అసలు చిక్కు బోరులో ఉంది. రైతు చిన్న మీటరు నీళ్లలో ముంచి చూపించాడు. ఎరువు వేయకముందే ఈసీ, అంటే నీటిలో కరిగిన ఉప్పుల కొలత, 0.9. కాపులో ఉన్న కీరాకు 2 నుంచి 2.5 దాకా చాలు. అంటే మందుకు దక్కాల్సిన చోటులో మూడో వంతు పైనే బోరు ఉప్పు ఆక్రమించింది. ఒక సంచి కింద రేకు డబ్బా పెట్టి కారిన నీళ్లు పట్టాడు. మీటరు 3.4 చూపింది. మొక్క నీళ్లు తాగి ఉప్పును వదిలేస్తోంది. అది కడుక్కుపోవాలంటే ప్రతి తడిలో ఐదో వంతో నాలుగో వంతో అదనంగా పోయాల్సిందే. ఆ నీళ్లు మల్బరీకి పోతున్నాయి, అదొక ఊరట. కానీ ఇంత ఎండిన సీమలో బోరు నీటిని ఉప్పు కడగడానికి ఖర్చుపెట్టడం చూస్తే మనసు ఒప్పుకోలేదు.

పైకి చూశాను. వెయ్యి చదరపు మీటర్ల పాలిథిన్ కప్పు. దాని మీద 550 మిల్లీమీటర్ల వాన పడితే ఐదున్నర లక్షల లీటర్లు. ఇరవై శాతం పోయినా 4,40,000 మిగులుతాయి. 2,500 మొక్కలకు సగటున రోజుకు రెండు లీటర్ల చొప్పున 90 రోజులకు కావాల్సింది 4,50,000. వాన నీటిలో ఉప్పు దాదాపు ఉండదు. దాదాపు ఒక పంట నీళ్లు ఆ కప్పు మీదే కురుస్తున్నాయి! కాలువలో పడి బాటలోకి పోతున్నాయి.

లెక్క కాగితం మీద వేసి చూపించాను. అతను రెండుసార్లు చదివాడు. భార్యను పిలిచి, "ఆ టేపు తీసుకురా" అన్నాడు. ఇద్దరూ పాలీహౌసు వెనక పల్లపు నేలలో కుంటకు చోటు కొలవడం మొదలుపెట్టారు. "అడుగున కవరు పరచకుంటే రెండు రోజుల్లో ఇంకిపోతాది" అంది ఆమె, మేకు దిగ్గొడుతూ.