నీటి కింద ఊరు... నీటి మీద కొండ

లాంచీ కదలగానే అందరూ పైడెక్కు మీదికి పరుగెత్తారు. పిల్లల కేకలు, ఫొటోలు, పల్లీల పొట్లాలు... మా పెదనాన్న మాత్రం కిందే ఓ మూల కూర్చుని నీళ్లలోకి చూస్తున్నారు. 'పైకి రండి, కొండ కనిపిస్తోంది' అని పిలిచా. 'కొండ ఎక్కడికి పోతుందిరా... పోయింది ఊరే కదా!' అన్నారు.

ఆయన పుట్టిన పల్లె ఈ నీళ్ల అడుగునే ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆ తరవాత కొన్నేళ్లకే లోయలోని పల్లెలన్నీ ఖాళీ అయ్యాయి. అప్పుడు పెదనాన్నకు ఎనిమిదేళ్లు. సామాన్లు నింపిన ఎడ్లబండి మీద ఊరు దాటడం ఒక్కటే గుర్తట. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు రమ్మన్నా రాలేదు. ఈసారి మా అబ్బాయి అడిగితే కాదనలేకపోయారు.

విజయపురి సౌత్ నుంచి ముప్పావుగంట ప్రయాణం. నీళ్లు చుట్టుముట్టాక మిగిలిన కొండ కొసే నాగార్జునకొండ. మూడో శతాబ్దంలో దీని కింది లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. రాజు శాంతమూలుడు అశ్వమేధం చేస్తే, ఆయన సోదరి శాంతిశ్రీ బుద్ధుడికి మహాచైత్యం కట్టించింది. ఒకే ఇంట్లో రెండు దారులు, గొడవల్లేకుండా! శివుడు, కార్తికేయుడు, అష్టభుజస్వామి గుళ్లు, సింహళ భిక్షువుల విహారం... అన్నీ ఆ లోయలోనే.

1926లో ఈ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. డ్యామ్ కడతారని తేలాక, 1954 నుంచి 1960 దాకా నీళ్లకంటే ముందే తవ్వేయాలని పురావస్తు శాఖ లోయంతా తవ్వింది. తొమ్మిది కట్టడాలను పైకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. పద్నాలుగింటికి నమూనాలు చేసిపెట్టారు. మిగతావి మునిగిపోయాయి.

మహాచైత్యం దగ్గర కాస్త ఆగండి. పునాది బండిచక్రంలా ఆకులు ఆకులుగా ఉంటుంది. విహారంలా కట్టిన మ్యూజియంలో పాలరాతిలాంటి సున్నపురాతి మీద బుద్ధుడి కథలు చెక్కి ఉంటాయి. హడావుడిగా ఓ చుట్టు చుట్టి వచ్చేస్తే మాత్రం డబ్బులు దండగే. ఒక్కో ఫలకంలో జడలు, గాజులు, గుర్రాల కళ్లేలు కూడా తీరిగ్గా చూడాలి.

పెదనాన్న మ్యూజియంలోకి రాలేదు. స్నానఘట్టం మెట్ల మీద కూర్చున్నారు. 'వీటిని మోసుకొచ్చి మంచిపని చేశారు' అన్నారు రాళ్లు తడుముతూ. కాసేపాగి, 'మా ఇంటి ముందు కూడా ఇట్లాంటి రాయే ఉండేది. మా అమ్మ దానిమీద బట్టలుతికేది' అన్నారు.

అన్నట్టు, శుక్రవారం మ్యూజియం ఉండదు. లాంచీలు నీటిమట్టాన్ని బట్టి నడుస్తాయి, కనుక్కుని బయల్దేరండి. టోపీ, మంచినీళ్లు మరవొద్దు.

తిరుగు ప్రయాణంలో పెదనాన్న తనంతట తనే పైకి వచ్చారు. రెండు కొండల మధ్య ఖాళీ వైపు చెయ్యి చూపించి, 'అదిగో, అక్కడ... కాదు, ఇంకాస్త ఎడమకి' అన్నారు. మా అబ్బాయి కమ్మీల మధ్య తల పెట్టి, 'ఏది తాతయ్యా?' అంటూ నీళ్లలోకి వెతుకుతూనే ఉన్నాడు, లాంచీ రేవు చేరేదాకా.