నులక – నవారు

పోయిన దసరా ముందు మా నాన్న హాస్టలుకొచ్చి, నా మంచం మీద ఉన్న బాస్ గిటారు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "ఏరా, మిగతా రెండు తీగలూ తెగిపోయినయ్యా?"

మామూలు గిటారుకి ఆరు తీగలు గానీ దీనికి నాలుగేననీ, పాటకి అడుగున ఉండి మోయడమే దీని పనీ అని చెప్పాను. "ఓహో, పునాది రాయన్నమాట" అన్నాడు. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

ఆ గిటారు నాది కాదు, మన యూనియన్ మ్యూజిక్ రూముది. వాయించే సీనియర్లు వెళ్ళిపోతే, ఫిజిక్సు కుర్రాడివి, నాలుగు తీగలు లెక్కపెట్టగలవులే అని నాకు తగిలించారు. తీగలన్నీ తుప్పు. వేలు జరిపినప్పుడల్లా కీచుమని అరుపు. వార్షికోత్సవానికి కొత్త తీగలు వెయ్యక తప్పదు.

ఏ తీగలు? ఇందులో రెండు రకాలు. ఉక్కు తీగ మీద గుండ్రటి సన్నతీగ చుడితే రౌండ్‌వౌండ్. బల్లపరుపు ఉక్కు పట్టీ చుడితే ఫ్లాట్‌వౌండ్. మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే మొదటిది నులక మంచం, రెండోది నవారు మంచం. నులక మీద పడుకుంటే వీపుకి అచ్చులు పడతాయి. నవారు నున్నగా ఉంటుంది. ఫ్లాట్‌వౌండ్ మీద వేలు జారినా కీచుమనదు, ఫ్రెట్లూ తొందరగా అరగవు. కాకపోతే గణగణ తక్కువ. గుండ్రంగా, మెత్తగా మోగుతుంది. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బాస్ వచ్చినప్పుడు ఇవే వాడేవారు. రౌండ్‌వౌండ్ ప్రాచుర్యంలోకి వచ్చింది 1960లలోనే. ఆ రోజుల్లోనే డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్, ఫ్లాట్‌వౌండ్ తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. రైతుబిడ్డకి ఇంతకంటే నచ్చే మాట ఏముంటుంది!

సెట్టు ధర నాలుగు వేల చిల్లర. యూనియన్‌లో నిధులు లేవు. ఇంటికి ఫోన్ చేసి "ల్యాబ్ ఫీజు" అన్నాను. మర్నాటికల్లా డబ్బు పడింది. ఎందుకని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

అంగుళంలో వెయ్యో వంతు లెక్కన, సన్నతీగ 45, లావుతీగ 105 ఉన్న సెట్టు తెప్పించాను. పొడవూ స్వరమూ మారనప్పుడు, బరువు పెరిగిన కొద్దీ తీగ ఎక్కువ బిగువు కోరుతుంది. బిగువు మరీ ఎక్కువైతే గిటారు మెడ వంగుతుంది. అందుకని అంతకంటే లావువి వద్దనుకున్నాను. పాఠం ఇంతవరకూ బాగా ఒంటబట్టింది.

పాత తీగలన్నీ ఒకేసారి విప్పకుండా, ఒకటి తీసి ఒకటి వేస్తూ వచ్చాను. తీగని మేకు దాటి రెండంగుళాలు వదిలి, అక్కడ ముందు మడిచి, ఆ తర్వాతే కొయ్యాలి. మూడు తీగలకీ అలాగే చేశాను. నాలుగోది, 'ఏ' తీగ, తొందరలో మడవకుండానే కోశాను. పైనున్న పట్టీ సడలిపోయింది. బిగించి మీటితే తడిసిన డప్పులా 'దభ్' అంది. మన ఊళ్ళో విడితీగ దొరకదు.

మిర్చియార్డుకి బస్తాలు తోలుకొచ్చిన నాన్న, గోంగూర పచ్చడి సీసాతో ఆ సాయంత్రమే దిగాడు. తీగ చేతిలోకి తీసుకుని చూశాడు.

"మడవకుండా కోశావా? కంచె తీగకైనా మెలిపెట్టాకే గదరా కోసేది. ఎంత ఇది?"

చెప్పాను. ల్యాబ్ ఫీజు సంగతి కూడా చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. కళ్ళలోకి చూడలేక నేను గిటారు కేసి చూస్తూ కూర్చున్నాను. ఆఖరికి, "పాత తీగుందా?" అన్నాడు. ఇచ్చాను. తుప్పు తుడిచి, నేను మేకు తిప్పుతుంటే తానే పట్టుకుని బిగింపించాడు. "కొత్త తీగలు రెండ్రోజులు సాగుతయ్యి, నులక మంచం లాగే. రోజూ కాస్త బిగించుకో" అన్నాడు. అదీ నిజమే అయింది.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "అడిగితే లేదనేవాణ్ణేమో. అయినా అడగాల్సింది" అన్నాడు. మళ్ళీ తనే, "ఆదివారాలు కోతకి రా. కూలి కింద జమ కడతా" అన్నాడు.

వార్షికోత్సవంలో మూడు నవారు తీగలూ ఒక నులక తీగతోనే వాయించాను. ఎవరూ కనిపెట్టలేదు. మిర్చి కోసిన వేళ్ళు రెండ్రోజులు మండుతాయి. ఆ మంటతో తీగ నొక్కితే ఏది నున్ననో ఏది గరుకో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. నా తర్వాత ఆ గిటారు పట్టుకునే జూనియర్‌కి నేను చెప్పేది ఒక్కటే: ముందు మడువు, తర్వాత కొయ్యి. డబ్బు కావాలంటే ఇంట్లో ఉన్నమాట చెప్పి అడుగు.

నాకింకా మూడు ఆదివారాలు బాకీ ఉంది.

– ఫైనల్ బి.యస్సీ. విద్యార్థి