జీపు కూత

పెద్ద టైర్లు వేశాక నాన్న ఫోర్‌వీల్ జీపు పాడేరు ఘాట్‌లో లాగడం మానేసింది. సెలవుల్లో నేనే రెండు యాక్సిల్స్‌లోనూ 4.10 క్రౌన్-పినియన్ తీసి 4.88 వేశాను. మెకానికల్ మూడో ఏడు కదా, ఆ ధీమా!

మొదటి రోజే వెనక నుంచి కూత. యాక్సిలరేటర్ తొక్కితే మొదలు, కాలు తీస్తే బంద్.

"కొత్త పళ్ళు నాన్నా, తిరిగితే సర్దుకుంటాయి" అన్నాను. నమ్మేశారు. పసుపు బస్తాలు వేసుకుని ఘాట్ ఎక్కారు. నాకు ఆ రాత్రి నిద్ర లేదు. ఎందుకంటే వెనక దానికి పాత షిమ్‌లే పెట్టి, రంగు పూసి చూడకుండా బిగించేశాను.

ఆదివారం మళ్ళీ విప్పాను. క్రౌన్ పళ్ళకి మార్కింగ్ పేస్టు పూసి తిప్పితే, మధ్యలో పడాల్సిన అచ్చు పంటి మొదట్లో పడింది. పినియన్ మరీ లోపలికి వెళ్ళిందన్నమాట. అలాగే తిప్పితే పళ్ళు అరుగుతాయి తప్ప సర్దుకోవు. పల్చటి షిమ్ వేసి, బ్యాక్‌లాష్ 0.20 మి.మీ.కి తెచ్చాను. మూడుసార్లు విప్పి బిగిస్తేగానీ అచ్చు మధ్యకి రాలేదు.

కూత పోయింది. అప్పుడు నాన్నకి నిజం చెప్పాను.

"ఘాట్‌లో పళ్ళు విరిగుంటే?" అని ఒక్క మాటే అడిగారు.

ఏ వైవాలోనూ అంత సేపు నోరు మెదపకుండా నిలబడలేదు నేను.