ఎస్టిమేటులో రాయని పద్దు

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఇంటి వెనక చిన్న షెడ్డు కట్టి చూడమని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. రెండేళ్ళ క్రితం ఒక ఆదివారం మా తమ్ముడు సరిగ్గా ఆ పని మీదే మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, ఊళ్ళె ఇంటెనుక షెడ్డేసుకుంట. నువ్వు బ్యాంకుల ఉన్నవ్ గద, ఎంతయితదో జర లెక్కగట్టియ్యి" అన్నాడు.

వాడు కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. కామాఠిపురలో మా బాపు ఉన్న ఖోలీలోనే, అటక మీద కూర్చుని ముప్ఫై ఏళ్ళుగా అదే పని. ఇప్పుడు మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం లేదు. బిల్డింగుకు ఒక పక్క దూలాలు పోటీ పెట్టి ఉన్నాయి. పేట మొత్తాన్ని పడగొట్టి కొత్తగా కడతారన్న మాట ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం. ఆ రోజు వచ్చేదాకా కూర్చోకుండా మెట్‌పల్లి దగ్గరి మా ఊరికి పోయి, తాత కట్టిన పెంకుటింట్లో ఉంటూ పని చేసుకుందామని వాడి ఆలోచన. చేతిలో 5 లక్షలు ఉన్నాయి. జీవితమంతా కూడబెట్టింది అంతే.

షెడ్డు సంగతికి ముందు ఆ అటక సంగతి చెప్పాలి.

మా బాపు పరేల్ వైపు ఒక మిల్లులో ఫిట్టరు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని మానేశారు. బొంబాయి తెలుగు కుటుంబాల్లో ఆ సమ్మె తాకనివి తక్కువ. చాలామందికి మళ్ళీ మిల్లు గేటు తెరుచుకోలేదు. బాపుకీ అంతే. ఏడాది చూసి, కుట్టుమిషన్లు రిపేరు చేస్తానన్నాడు. చేతిలో పని ఉంది గాని, పెట్టుకునే చోటు లేదు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న ఖోలీలో అయిదుగురం.

చోటు పైన ఉందని చెప్పింది పై అంతస్తు మేస్త్రి తాత. 18వ శతాబ్దం చివరి నుంచి తెలుగు నేల వదిలి వచ్చి ఈ ఊరి రోడ్లూ బిల్డింగులూ కట్టిన కామాఠీల పేరే కదా మా పేటకు! ఆ తాత ఆ కోవలోని మనిషి. టేపు పట్టేవాడు కాదు. గుమ్మంలో నిలబడి కళ్ళతోనే కొలిచాడు. "పన్నెండడుగుల ఎత్తుంది. ఆరున్నర కాడ పోట్‌మాళా ఏస్తె పైన అయిదు దొరుకుతది. నిలబడరాదు, కూసోని చేసుకో" అన్నాడు. మరాఠీ వాళ్ళ పోట్‌మాళా అంటే మన అటకే. కింద వంట, పడక. పైన వర్కుషాపు.

బాపు నా లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో ఎస్టిమేటు రాశాడు. చోర్ బజారులో పాత టేకు దూలాలు రెండు, పలకలు, మేకులు, ఇనుప నిచ్చెన, కూలి, కరెంటు వైరు, ఒక బల్బు. అద్దె ఖోలీ గనుక ఇంటి యజమాని గుమాస్తాకు 'చాయ్‌పానీ' కూడా రాశాడు. మొత్తం 1,850 రూపాయలు. మా అవ్వ వెండి కడియాలు, కొంచెం బంగారం కుదువ పెట్టి తెచ్చారు. అటక వారంలో లేచింది. ఖర్చు 1,900 దాటలేదు. ఇవాళ ఏ ఇంజనీరు వేసినా ఎస్టిమేటు అంత దగ్గరగా రాదు.

ఇంత చక్కని లెక్కలో ఒక పద్దు లేదు. అటక ఎక్కి కూర్చున్నాక మిషన్లు ఎక్కడినుంచి వస్తాయి? మొదటి నెల రెండొచ్చాయి. రెండో నెల మూడు. దర్జీలు పాత మెకానిక్కును వదిలి కొత్తవాడి దగ్గరికి ఊరికే రారు. వచ్చిన మిషనుకు షటిలో, బాబిన్ కేసో కొనాలంటే చేతిలో పైస లేదు. అటూ ఇటూగా ఎనిమిది నెలలు అలా నడిచింది. ఆ ఎనిమిది నెలలు మేం తిన్నది అవ్వ చుట్టిన బీడీల మీద. ఒక్క చెయ్యి చాలక మా అక్కను మునిసిపాలిటీ తెలుగు బడి మాన్పించారు. అప్పుడది ఎనిమిదో తరగతి. మా ముగ్గురిలో చదువు వచ్చేది దానికే. అక్క మళ్ళీ బడికి పోలేదు. నేను బి.కాం. చదివింది ఆ బీడీల కట్టల మీదే. ఈ మాట ఎక్కడా రాయలేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

బ్యాంకులో చేరాక లోన్ల సీటులో చాలాకాలం కూర్చున్నాను. నా ముందుకు వచ్చిన ప్రాజెక్టు రిపోర్టులకు లెక్కలేదు. షెడ్డు ఇంత, మిషనరీ ఇంత, ఫర్నిచరు ఇంత అని పైసలతో సహా ఉంటుంది. వర్కింగ్ కాపిటల్ దగ్గర మాత్రం ఏదో ఒక అంకె వేసి వదిలేస్తారు. 2008లో మొదలైన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద వచ్చిన వాళ్ళయితే సబ్సిడీని చేతికొచ్చే డబ్బుగా లెక్కేసుకునేవారు. ఆ సొమ్ము బ్యాంకులోనే మూడేళ్ళు వాళ్ళ పేరున డిపాజిట్‌గా ఉండి తరవాత అప్పులో జమ అవుతుందని చెప్తే ముఖాలు చిన్నబోయేవి. ఎంతమందికి చెప్పానో! "కట్టడానికి కాదు బాబూ, కట్టాక కూర్చోవడానికి డబ్బుంచుకోండి" అని.

అలా చెప్పినవాణ్ణి, తమ్ముడి ఎస్టిమేటు ఎలా వేశానో చూడండి.

ఇరవై అడుగులు, పన్నెండు అడుగుల షెడ్డు. పదడుగుల గోడలు. వీధి నీళ్ళు లోపలికి రాకుండా అడుగున్నర పునాది మట్టం. ఒక రోలింగ్ షట్టరు, రెండు కిటికీలు. తొమ్మిదంగుళాల గోడకు చదరపు అడుగుకు పదిన్నర ఇటుకలకు తక్కువ పట్టవు. షట్టరు, కిటికీల జాగా తీసేసినా ఆరు వేల ఇటుకలు తేలాయి. పైన రంగు రేకులు. మా వైపు ఎండాకాలం రేకు కింద మనిషి ఉడికిపోతాడు గనుక దాని కింద సీలింగు. వాడి మోటార్లకు సింగిల్ ఫేజు చాలు గనుక త్రీ ఫేజు జోలికి పోలేదు. సిమెంటు, ఇసుక, కూలి, రవాణా అన్నీ ఊళ్ళో వాకబు చేసి రాశాను. 4,60,000 తేలింది. మిగిలిన 40,000 'అనుకోని ఖర్చులు' అని రాసి రెండు గీతలు కొట్టాను. మొత్తం 5 లక్షలు. అంకె కుదిరింది కదా అని సంతోషం కూడా కలిగింది.

ఆ కాగితం తీసుకుని ఇద్దరం కామాఠిపుర వెళ్ళాం. బావ పోయిన దగ్గరనుంచి అక్క తమ్ముడి దగ్గరే ఆ ఖోలీలో ఉంటోంది. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివింది. తిప్పి వెనక వైపు కూడా చూసింది.

"గిండ్ల తిండి ఏడుందిరా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"షెడ్డయితది. మిషన్లు వచ్చేదాంక వీడూ, వీని పెండ్లామూ ఏం తింటరు? బాపు గిట్లనే రాసిండు గద."

నా వంక చూడలేదు. చూసి ఉంటే బాగుండేదేమో. తమ్ముడు అటక నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. వాడికప్పుడు ఏడేళ్ళు, వాడికవేం గుర్తులేవు. నాకు అన్నీ గుర్తున్నాయి, అయినా ఆ పద్దు రాయలేదు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఏమైపోయిందో!

ఆ సాయంత్రమే అక్క ఎదుట మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి కింది నుంచి పైకి. ముందు తిండి. ఊళ్ళో ఇద్దరికి నెలకు 20,000. ఎన్ని నెలలు అంటే అక్క ఆలోచించకుండా "ఎనిమిది" అంది. 1,60,000. అనుకోని ఖర్చులకు 30,000. ఇక కట్టడానికి మిగిలింది 3,10,000. దానికి సరిపోయే షెడ్డే కట్టాలి.

తమ్ముడు గింజుకున్నాడు. "ఇంత చిన్నగయితె ఊళ్ళె నవ్వుతరు" అన్నాడు. పొడవు ఇరవై నుంచి పదహారు చేశాం. గోడ తొమ్మిదంగుళాలు కాక నాలుగున్నర, మధ్యమధ్య ఇటుక స్తంభాలు. ఆరు వేల ఇటుకలు మూడు వేల లోపుకి దిగాయి. బయట సున్నం పూత తరవాతి సంవత్సరానికి. సీలింగు తీసేస్తానంటే అక్క ఒప్పుకోలేదు, "పని చేసేటోడు పడిపోతె షెడ్డెందుకు" అంది. షట్టరు తీసేసి పాత చెక్క తలుపులు కొన్నాం. పునాది మాత్రం ఇరవై అడుగులకే వేయించాను. రేపు పెంచుకోవాలంటే మళ్ళీ తవ్వకుండా ఉంటుందని. ఇది మేస్త్రి తాత కాలం నుంచీ విన్న తెలివి, నాది కాదు.

1,60,000 వాడి పేరున, మా మరదలి పేరున జాయింటుగా వేరే ఖాతాలో వేసి, నెలకు 20,000 మాత్రమే వాడి చేతి ఖాతాలో పడేటట్టు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చాను. కట్టేటప్పుడు ఇసుక లారీ గుమ్మంలో నిలబడితే మనిషికి చేతిలో ఉన్న డబ్బంతా ఇసుకలాగే కనిపిస్తుంది. తమ్ముడు రెండుసార్లు ఫోను చేసి, ఆ ఖాతాలోంచి ఓ యాభై వేలు తియ్యనివ్వమని అడిగాడు. రెండుసార్లూ అక్కతో మాట్లాడమన్నాను. మళ్ళీ అడగలేదు.

షెడ్డుకు చివరికి 3,34,000 అయింది. 24,000 ఎక్కువ. కరెంటు స్తంభం దూరమై వైరుకు, రేకుల రవాణాకు పోయింది. మొదటి నెల వాడి దగ్గరికి వచ్చిన మిషన్లు మూడు. రెండో నెల పెళ్ళిళ్ళ సీజను గనుక తొమ్మిది. ఆ తరవాత వానలు, మళ్ళీ రెండే. ఆరో నెలలో మెట్‌పల్లి దర్జీలు ఇద్దరు, తమ మిషన్లన్నీ నెలనెలా చూడమని మాట్లాడుకున్నారు. తిండి ఖాతాలో ఇంకా 40,000 ఉందని మరదలు ఫోనులో చెప్పింది. ఆ మాట చెప్పడానికి అక్క దగ్గరికి వెళ్తే, దాన్ని అట్లాగే ఉండనిమ్మంది.